బ్యాకప్ డిస్కుకు బొట్టు పెట్టిన రోజు

గద్వాలలో ఒక అబద్ధం ఇప్పటికీ తిరుగుతోంది. నేత సంఘం కంప్యూటర్లలోని చీరల డిజైన్లు పోవడానికి కారణం అక్కడి ఆపరేటర్ రాజేశ్వరి అనీ, ఆ పిల్ల ఆఫీసులో కూర్చుని సినిమాలు చూస్తూ వైరస్ తెచ్చిందనీ చెప్పుకుంటారు. మొన్న బస్సులో నా పక్కన కూర్చున్న ఆమె ఈ కథను నాకే వినిపించింది. "గసుంటోళ్ళను కొలువుల ఎట్ల పెట్టుకుంటరో ఏమో" అని ముక్తాయింపు కూడా ఇచ్చింది. ఆ కంప్యూటర్లను పరిశీలించింది నేనే అని ఆమెకు తెలియదు. నేనూ చెప్పలేదు. జరిగింది మొత్తం చెప్పాలంటే గద్వాల నుంచి అయిజ దాకా పోయినా బస్సు చాలదు. అందుకే రాస్తున్నాను.

రెండో కారణం మీరే. మీరంటే వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల పిల్లలు. "మేడం, సైబర్ సెక్యూరిటీకి ఏ కోర్సు చెయ్యాలె?" అని ఫోన్ చేస్తూనే ఉన్నారు. వనపర్తిలో కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు నేనూ చూశాను. ముఖం కనబడకుండా టోపీ ఉన్న నల్ల చొక్కా తొడుక్కుని, పచ్చ అంకెల వాన మధ్య ఒకడు నిలబడి ఉంటాడు. నా ఉద్యోగ జీవితంలో అటువంటి చొక్కా నేనెన్నడూ వేసుకోలేదు. పాలమూరు ఎండల్లో ఎవరూ వేసుకోలేరు. ఆ పని నిజానికి ఎలా ఉంటుందో ఎవరైనా రాసిపెట్టకపోతే మీరు ఆ చొక్కా కొనుక్కునేలా ఉన్నారు.

ప్రమోషన్లు, ట్రాన్స్‌ఫర్లు, నాకు శాలువాలు కప్పిన సభలు ఇందులో ఉండవు. శాలువాలు మా చెల్లెలు తీసుకుపోయింది.

చెదలు తిన్న అధ్యాయం

మాది అమరచింత. నాన్న కౌలు భూమిలో పల్లికాయ వేసేవాడు. నేను బీకాం చదివి, టైపు నేర్చుకుని, వనపర్తిలో ఒక ప్రైవేటు ఆఫీసులో చేరాను. ఏ ఇంజనీరింగ్ కాలేజీ మెట్టూ ఎక్కలేదు. ఈ మాట సిగ్గుపడుతూ కాదు, కాస్త పొగరుతోనే రాస్తున్నాను.

నా కాలేజీ వనపర్తి గ్రంథాలయం. పోటీ పరీక్షల పుస్తకాల దగ్గర కుర్చీ దొరికేది కాదు. కంప్యూటర్ పుస్తకాల బీరువా దగ్గర మాత్రం కుర్చీలు ఖాళీగా ఉండేవి. ఎవరో పుణ్యాత్ముడు దానమిచ్చిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు అందులో పడి ఉండేవి. లైబ్రేరియన్ సాయన్న సారు నన్ను కొన్నాళ్ళు గమనించి ఒకరోజు అడిగాడు:

"ఏందమ్మా, గవి నిజంగనే చదువుతున్నవా, ఫ్యాన్ కింద కూసోనీకె వస్తున్నవా?"

"రెండూ సార్."

"మంచిది. ఫ్యాన్ మీద నాకు అధికారం లేదు గానీ, బుక్కు ఇంటికి తీస్కపో. పేజీలు మడతపెట్టినవంటె మాత్రం ఊకోను."

పక్కన నిఘంటువు పెట్టుకుని చదివాను. ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌తో ఎలా మాట్లాడుతుందో చెప్పే పుస్తకం అది. చివరి అధ్యాయం భద్రత మీద. దాన్ని చెదలు తినేశాయి. విషయసూచికలో పేర్లు మాత్రం మిగిలాయి. ఆ పేర్లు పట్టుకుని, లోపల ఏం రాసి ఉంటారో ఊహించుకుంటూ, ఆఫీసులో పాడైన కంప్యూటర్లు తెచ్చి ఇంట్లో విప్పుకుంటూ నేర్చుకున్నాను. చెదలు ఇంకో బీరువాను ఎంచుకుని ఉంటే నేను ఏ అకౌంటెంట్‌గానో రిటైరయ్యేదాన్ని.

సర్టిఫికెట్ల సంగతి

సర్టిఫికెట్ కావాలా, అక్కర్లేదా అని మీరు నన్ను నిలదీసి అడుగుతారు. కావాలి. సర్టిఫికెట్ శుభలేఖ లాంటిది. చేతిలో ఉంటే లోపలికి రానిస్తారు. కాపురం మాత్రం అది చేసిపెట్టదు.

హైదరాబాదులో నేను పనిచేసిన కంపెనీలో ఒక బాస్ ఉండేవాడు. ఆయన పేరు వెనక సర్టిఫికెట్ల పొట్టి అక్షరాలు రైలుపెట్టెల్లా ఉండేవి. నల్ల తెర మీద ఆదేశాలు టైపు చేయాల్సి వస్తే మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నువ్వు చూడమ్మా, నాకు మీటింగ్ ఉంది" అనేవాడు. ఆయన మీటింగులు ఎప్పుడొస్తాయో మాకు ముందే తెలిసేది. అలాగని ఆయన్ని తీసిపారేయలేను. నేను రాసిన మొదటి రిపోర్టు చదివి వెనక్కి విసిరాడు. "దీన్ని నీకు తెలుసని చెప్పడానికి రాశావు. కంపెనీ ఓనరుకు అర్థం కావడానికి రాయి" అన్నాడు. ఈ ఒక్క మాటకు ఆయన అక్షరాలన్నీ క్షమించాను.

నా సలహా ఇది. మొదట నెట్‌వర్కింగ్ నేర్చుకోండి. లినక్స్‌తో కాపురం చేయండి. ప్రవేశస్థాయి సర్టిఫికెట్ ఒకటి రాయండి. అది రాసేలోపు ఇంట్లో పాత కంప్యూటర్లు రెండు పెట్టుకుని ఒకదానితో రెండోదాని మీద దాడి చేయండి, మళ్ళీ కాపాడండి. మీ సొంత కంప్యూటర్ల మీదే సుమా. పక్కింటి వైఫై మీద చేస్తే దాన్ని ప్రాక్టీసు అనరు, కేసు అంటారు.

ఇంకో మాట. మీరు ఈ పని నేర్చుకున్నారని తెలియగానే చుట్టాలు వస్తారు. మా మేనత్త ఒకామె నా చేతిలో ఫోన్ పెట్టి, "మీ మామ ఎవ్వలతోని ముచ్చట పెడుతుండో జర తీసి చూపియ్యి బిడ్డ" అంది. చెయ్యనన్నాను. "గింత చదివి గిదే రాదా!" అని ఊరంతా చెప్పుకుంది. ఆ పరువు పోయినా ఫరవాలేదు, పోనివ్వండి.

మన్ననూరు చెక్‌పోస్టు

చెదలు తిన్న అధ్యాయంలో కొంత నాకు మన్ననూరులో దొరికింది. అడవి లోపల ఉండే మా చిన్నమ్మ వాళ్ళను చూసి తిరిగి వస్తుంటే అటవీశాఖ చెక్‌పోస్టు దగ్గర మా జీపు ఆగింది. అడవిలోంచి బయటికి వచ్చే బండ్లను లోపలికి పోయేవాటికంటే ఎక్కువసేపు వెతుకుతున్నారు. ఎందుకని అడిగాను. అక్కడి గార్డు నన్ను ఎగాదిగా చూశాడు.

"లోపలికి పొయ్యేటోడు ఏం తీస్కపోతడు, అన్నం డబ్బ. బయటికి వచ్చేటోడు ఏం తెస్తుండో గదే చూడాలె. ఇంతకు నువ్వెందుకు అడుగుతున్నవమ్మా? నీ సంచి తియ్యి."

సంచి మొత్తం బయట పోయించాడు. అందులో చిన్నమ్మ ఇచ్చిన తేనె సీసా ఉంది. దాని గురించి చాలాసేపు విచారణ జరిగింది. నేను తిట్టుకుంటూ జీపెక్కాను కానీ, దారి పొడవునా అదే ఆలోచన. మేమంతా లోపలికి వచ్చేవాళ్ళనే ఆపుతున్నాం. మా కంప్యూటర్లలోంచి బయటికి ఏం పోతోందో ఒక్కరం చూడటం లేదు. తర్వాతి వారం ఆఫీసులో అదే పని మొదలుపెట్టాను. ఆ గార్డుకు ఈ సంగతి తెలియదు. తెలిసినా తేనె సీసా తిరిగి ఇవ్వడు.

ఆయుధ పూజ

ఇక రాజేశ్వరి దగ్గరికి వస్తాను. పట్నం వదిలి వచ్చాక నేను గద్వాలలో ఉంటూ, ఈ మూడు జిల్లాల్లో చిన్న ఆఫీసులు, దవాఖానాలు, కాలేజీల కంప్యూటర్ల భద్రత చూసేదాన్ని. వాటిలో నేత సంఘం ఒకటి.

వాళ్ళ ఆఫీసు రెండు గదులు. లోపలి గదిలో డిజైన్ల కంప్యూటర్. ఇప్పుడు అక్కడ చాలా మగ్గాలకు పాత చిల్లుల అట్టల బదులు కరెంటు జకార్డులు ఉన్నాయి. అంచులో ఏ పోగు లేవాలో, ఏ పోగు పడుకోవాలో డిజైన్ ఫైలు చెబుతుంది. ఆ ఫైలు లేకపోతే అంచూ లేదు, కొంగూ లేదు.

ఆ కంప్యూటర్ చూసుకునేది రాజేశ్వరి. నేత ఇంటి పిల్ల. తండ్రి నేస్తాడు, తల్లి నూలు కండెలు చుడుతుంది, ఇంట్లో నెల జీతం తెచ్చేది ఈమె ఒక్కతే. ఆదివారాలు మా ఇంటికి వచ్చి నా పాత కంప్యూటర్లతో కుస్తీ పట్టేది. మొదటి సర్టిఫికెట్ పరీక్షకు చదువుతోంది. బ్యాకప్ డిస్కు విషయంలో నేను ఆమెకు చెప్పిన నియమం ఒక్కటే: శనివారం తగిలించు, కాపీ చెయ్, పీకి బీరువాలో పెట్టు. ఎప్పుడూ తప్పలేదు.

దసరాకు సంఘంలో ఆయుధ పూజ జరిగింది. అధ్యక్షుడు భీమన్న మంచివాడే, కాకపోతే పండుగ రోజు ఆయనకు ఎదురు చెప్పేవాడు పుట్టలేదు. కత్తెరలు, మగ్గం నాడెలు, తక్కెడ, ప్రింటర్ అన్నీ కంప్యూటర్ ముందు పెట్టించాడు. తర్వాత బీరువా వైపు చూశాడట.

"గా డబ్బ కూడ తే బిడ్డ. ఏడాదంత మన డిజైన్లు మోస్తది. దానికి బొట్టు పెట్టకుంటె ఎట్ల?"

"బీరువలనే పెడ్త సార్. మేడం బయటికి తియ్యొద్దన్నది."

"మేడంకు పండుగలు లేవా? తే."

తెచ్చి పళ్ళెంలో పెట్టింది. వైరు పెట్టలేదు. భీమన్న బొట్టు పెట్టబోయి ఆగాడు.

"దీని లైటు ఏది?"

"వైరు పెడ్తెనే వస్తది సార్."

"మరి పెట్టు. ఖాళీ మగ్గానికి ఎవ్వడన్న పూజ చేస్తడా?"

ఈ మాట బయటివాళ్ళకు అర్థం కాదు. వాళ్ళలో పడుగు, అంటే నిలువు పోగులు, ఎక్కించని మగ్గానికి పూజ చేయరు. పనిలో ఉన్న పనిముట్టుకే పూజ. ఆ లెక్కన లైటు వెలగని డిస్కు ఖాళీ మగ్గమే. రాజేశ్వరి వైరు పెట్టింది. లైటు మిణుకుమంది. భీమన్న తృప్తిగా బొట్టు పెట్టాడు.

అక్కడితో అయిపోలేదు. పూజలో కూర్చున్న పనిముట్టును మర్నాడు కొబ్బరికాయ కొట్టేదాకా ముట్టరు. వెళ్ళేటప్పుడు రాజేశ్వరి కంప్యూటర్ ఆపబోతే, "పూజకు కూసున్నదాన్ని ఆర్పుతవా?" అని భీమన్న కసిరాడు. సంఘం డిజైన్లు, వాటి ఏకైక నకలు ఒకే వైరుకు వేలాడుతూ, ఇంటర్నెట్ తెరిచి, పసుపు కుంకుమలతో అలాగే కూర్చున్నాయి.

మర్నాడు రాజేశ్వరి నాకు ఫోన్ చేసింది.

"మేడం, ఫైళ్ళకు తోకలు మొలిచినయి."

"ఎన్నింటికి?"

"అన్నింటికి. పేర్ల ఎనకాల ఏందో అక్షరాలు అతుక్కున్నయి, ఒక్కటి తెరుసుకుంట లేదు. డిస్కుల గూడ గంతే. పైసలు కడితెనే తాళం తీస్తరంట, ఇంగ్లీషుల రాసిపెట్టిన్రు."

"నెట్ వైరు పీకినవా?"

"పీకిన. కంప్యూటర్ ఆర్పలే."

"మంచిగ చేసినవ్. నేనొస్తున్న, ఏం ముట్టకు."

నేను ఫోన్ పెట్టబోతుంటే, "మేడం, నన్ను రేపటి సంది రావద్దంటున్రు" అంది.

కమిటీ

నేను వెళ్ళేసరికి కీబోర్డు మీద ఎవరో నిమ్మకాయ పెట్టారు. దాన్ని పక్కకు జరిపి పని మొదలుపెట్టాను. భీమన్న నా తల మీదే నిలబడ్డాడు.

"గా పిల్లనే తెచ్చింది. అన్నం తినుకుంట ఫోన్ల సిన్మాలు చూస్తది."

"ఫోన్ల సిన్మ చూస్తె ఫోన్ ఖరాబు కావాలె గదనే భీమన్నా. నీ కంప్యూటర్ ఎట్లయితది?"

"గవన్ని నాకు తెల్వదు. సాయంత్రం కమిటీ కూసుంటది, తీసేస్తది. గంతే."

సాయంత్రం దాకా సమయం ఉంది. వెతగ్గా కారణం తొందరగానే దొరికింది. జకార్డులు అమ్మిన పట్నం టెక్నీషియన్ మాటిమాటికి గద్వాల దాకా ఎవడు వస్తాడని, దూరం నుంచే ఈ కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టి, చెప్పకుండా పోయాడు. దానికి పెట్టిన పాస్‌వర్డ్ చిన్నపిల్లలు కూడా ఊహించగలిగేది. అటువంటి తలుపుల కోసం దొంగలు ఇంటర్నెట్ నిండా తట్టుకుంటూ తిరుగుతారు. ఆయుధ పూజ జరుగుతుండగా, ఎక్కడో దూరదేశం చిరునామా నుంచి ఒకడు ఆ తలుపు తీసుకుని లోపలికి వచ్చాడు. ఇది భీమన్నకు తెర మీద చూపించాను.

"గా గీతలు నాకేం సమజైతయి? నువ్వు దాని గురువువు, దాని దిక్కే చెప్తవ్."

నా అక్షరాలకు ఆయన దగ్గర విలువ లేదు. కళ్ళతో చూసేది కావాలి. మూలన నిలబడి ఉన్న రాజేశ్వరి నెమ్మదిగా నా దగ్గరికి వచ్చింది.

"మేడం, పూజ వీడియో సార్ గ్రూపుల పెట్టిండు గద. ఎనకాల కంప్యూటర్ కనవడతదేమో."

ఆమె చెప్పినట్టే కమిటీ కూర్చున్నాక ఆ వీడియోను గోడ టీవీలో పెట్టించాను. పైన కమిటీ పెద్దలు, గుమ్మం దగ్గర ఆడవాళ్ళు, ఒక పక్కన రాజేశ్వరి, ఆమె తండ్రి. తీసింది భీమన్నే కనుక ఆయన మంగళహారతి పాటే అన్నిటికంటే గట్టిగా వినబడుతోంది. శ్రుతి గురించి నేనేమీ అనను. తెర మధ్యలో రాజేశ్వరి, రెండు చేతులా హారతి పళ్ళెం పట్టుకుని ఉంది. ఆమె వెనక అగరొత్తుల పొగ. పొగ వెనక కంప్యూటర్ తెర. ఆ తెర మీద మౌసు బాణం తనంతట తానే నడుస్తోంది. ఒక కిటికీ తెరుచుకుంది. ఇంకొకటి తెరుచుకుంది. మౌసు కంప్యూటర్ ముందున్న పూజ పళ్ళెంలో పువ్వుల మధ్య ఉంది, దాని మీద ఎవరి చెయ్యీ లేదు.

అప్పుడు భీమన్న భార్య లక్ష్మమ్మ గుమ్మం దగ్గర నుంచి అంది:

"అగో, నేను ఆనాడే చూసిన. గా బాణం నడుస్తనే ఉండె. అమ్మవారే పని షురూ చేసింది అనుకొని దండం పెట్టుకున్న."

నిజమే. వీడియోలో ఒక మూల లక్ష్మమ్మ తెర వైపు తిరిగి, కళ్ళు మూసుకుని, భక్తిగా వంగి ఉంది. దొంగకు దండం పెడుతోంది.

"మరి అప్పుడే చెప్పకపోతివి?" అన్నాడు భీమన్న.

"పూజల మాట్లాడొద్దని కండ్లెర్ర జేస్తివి గద!"

ముందు ఎవరో ఒకరు కిసుక్కుమన్నారు. తర్వాత గది మొత్తం. రాజేశ్వరి నవ్వలేదు. లేచి నిలబడి, "సార్, మగ్గాల మీది జకార్డు డబ్బలల్ల ఆఖరుకు ఎక్కించిన డిజైన్ ఉంటది. ఇండ్లిండ్లు తిరిగి తెస్త. అన్ని దొరకవు, నడుస్తున్నయి మాత్రం దొరుకుతయి" అంది.

భీమన్న టీవీ వంకే చూస్తూ, "రేపు జర జల్ది రా. ఆటో మాట్లాడుత" అన్నాడు.

క్షమాపణ రాలేదు. ఆటో వచ్చింది. మగ్గం మగ్గానికీ తిరిగి ఆమె నడుస్తున్న డిజైన్లన్నీ తెచ్చింది. పాతవి కొన్ని పోయాయి. దొంగకు మాత్రం ఎవరూ ఏమీ కట్టలేదు.

బయట అడిగినవాళ్ళకు కమిటీ "వైరస్ వచ్చింది" అని మాత్రం చెప్పి ఊరుకుంది. పూజ మధ్యలో దొంగ వచ్చాడని, అందరం వాడి ముందు హారతి పట్టామని చెప్పుకోవడానికి ఎవరికి నోరు వస్తుంది? చెప్పకుండా వదిలిన చోట ఊరు రాజేశ్వరి పేరు పెట్టుకుంది.

ఈ కేసు నుంచి మీరు నేర్చుకోవాల్సింది పాస్‌వర్డ్ గురించి కాదు, అది ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. ఒక ఆఫీసుకు నియమాలు రాసే ముందు, అక్కడివాళ్ళు మామూలు రోజున ఏం చేస్తారో కాదు, పండుగ రోజున ఏం చేస్తారో అడగండి. మీ నియమం ఎక్కడ తెగుతుందో అక్కడే తెలుస్తుంది. పూజ చేయొద్దని మాత్రం చెప్పకండి. వినరు, వినాల్సిన అవసరమూ లేదు. ఇప్పుడు వాళ్ళు రెండో డిస్కు కొన్నారు. ఒకటి పూజలో కూర్చుంటుంది, ఒకటి బీరువాలో ఉంటుంది.

రాజేశ్వరి ఆ తర్వాత పరీక్ష రాసింది, ప్యాసయింది. బ్యాకప్ ఎందుకు పోతుందని ఒక ప్రశ్న వచ్చిందట. "నాలుగు జవాబులిచ్చిన్రు మేడం. మనది అండ్ల లేదు" అంది.

వీళ్ళ వల్ల

పేజీలు మడతపెట్టనివ్వని సాయన్న సారుకు, ఆయన ఫ్యానుకు నా నమస్కారం. అక్షరాల బాస్‌కు కూడా. పేరు రాస్తే మీటింగ్ పెడతాడు కనుక రాయను. తేనె సీసా ఇచ్చిన చిన్నమ్మ ఈశ్వరమ్మకు, తీసుకున్న గార్డుకు. నిజం నోటికొచ్చినట్టు చెప్పేసిన లక్ష్మమ్మకు. భీమన్నకు ప్రత్యేకంగా, వీడియో తీసినందుకు, ఇదంతా రాయనిచ్చినందుకు. "రాస్కో గానీ, నా పాట ముచ్చట తియ్యకు" అన్నాడు. ఆ ఒక్కటీ కుదరలేదు, ఏమనుకోకు భీమన్నా.

చివరగా రాజేశ్వరికి. ఇదంతా ఆమెకు చదివి వినిపించి, పేరు మార్చి రాయమంటావా అని అడిగాను.

"ఎందుకు మేడం? నేనేం చేసిన?" అంది.

మార్చలేదు.